హాజరుపట్టీ చెప్పని సంగతులు

స్కాలర్‌షిప్ వివరాలు పంపాల్సిన రోజు వచ్చిందంటే చాలు, ‘ఎస్సీ పిల్లలు లేవండి, బీసీలు చేతులెత్తండి’ అని తరగతిలోనే అడిగేస్తుంటారు. అడిగే టీచరుకు అదొక లెక్క. నలభై మంది చూస్తుండగా లేచి నిలబడ్డ పదేళ్ల పిల్లకు అది లెక్క కాదు. కోనసీమ బడుల్లో చాలా కాలంగా పనిచేస్తున్న ఒక టీచరు, తానూ ఏళ్ల తరబడి అలాగే అడిగానని ఈమధ్య మా దగ్గర ఒప్పుకున్నారు. తనను చిన్నప్పుడు ఎవరూ అలా నిలబెట్టలేదు కాబట్టి అందులో తప్పు తోచలేదన్నారు. ఇప్పుడు అడ్మిషన్ రిజిస్టరు చూసి రాసుకుంటున్నారు. పది నిమిషాల పని పెరిగింది, అంతే.

ఆమె చేసుకున్న ఈ ఆత్మపరిశీలన ప్రతి స్టాఫ్‌రూములోనూ జరగాలని మేం కోరుకుంటున్నాం.

డెల్టా తరగతి గదిలో కొబ్బరితోట ఉన్న రైతు బిడ్డ ఒక బెంచీలో, అదే తోటలో దింపు తీసే మనిషి కూతురు పక్క బెంచీలో కూర్చుంటారు. ఒకరింట్లో రాత్రి హోంవర్క్ చేయించే అమ్మ ఉంది. ఇంకొకరి అమ్మ కువైట్‌లో ఇంటిపని చేస్తోంది, పిల్ల చదువురాని అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. రొయ్యల చెరువు గట్టున కాపలా షెడ్డులో కాపురముండే వాళ్ల పిల్లలకు, నాన్న పని మారితే బడీ మారుతుంది. మార్కుల జాబితాలో వీళ్లందరికీ ఒకటే గడి. ఎక్కువ వస్తే తెలివైనవాడంటాం, తక్కువ వస్తే శ్రద్ధ లేదంటాం.

ఆ శ్రద్ధ సంగతే చూడండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. వరద రోజుల్లో గోదావరి మధ్యనుండే కనకాయలంక లాంటి లంక గ్రామాల్లో కాజ్‌వే మునిగి, పిల్లలు పడవ కోసం ఎదురుచూస్తుంటారు. ఏటిగట్టుకు ఇవతల బడి మామూలుగా నడుస్తుంది, పాఠం ముందుకెళ్లిపోతుంది. 2022 జులైలో వచ్చినంత వరదైతే లంకల్లో ఇళ్లలోకే నీళ్లొస్తాయి. తర్వాత పరీక్షకు మాత్రం అందరికీ ఒకటే పేపరు. వరద తీసిన మొదటి వారం ఆ టీచరు కొత్త పాఠం మొదలుపెట్టరు. సిలబస్ వెనకబడిందన్న టెన్షన్ ఆమె ఒక్కరే ఎందుకు మోయాలి? లంక గ్రామాల బడులకు ఆ వారం రోజుల వెసులుబాటు విద్యాశాఖ క్యాలెండరులోనే ఉండాలి.

మా తరగతిలో కులమే లేదు, అందరినీ ఒకేలా చూస్తామని చాలామంది ఉపాధ్యాయులు నిజాయతీగానే అంటారు. వారిని మేం అడిగేది ఒక్కటే. భోజనం వేళ ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో ఒక వారం గమనించండి. వచ్చినవారి కులం అడగకుండా అన్నం పెట్టిన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరే బడిలో పెట్టే ఆ మధ్యాహ్న భోజనానికి పెట్టుకున్నాం. కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ జరిగిన అల్లర్లలో 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. ఆ రోజు వీధుల్లోకి వచ్చిన యువకులు అంతకు కొన్నేళ్ల ముందు ఏదో ఒక తరగతి గదిలో కూర్చున్నవారే. అక్కడ మనం ఏ మాట చెప్పకుండా దాటేశామో ఇప్పటికీ సరిగా మాట్లాడుకోలేదు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం సెక్షన్ 17లో పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అదే చట్టం ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతి సీట్లలో కనీసం 25 శాతం బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వమంది. సీటు దొరికిన పిల్లను ‘ఫ్రీ సీటు’ అని పిలిచే బడి ఆ చట్టాన్ని సగమే పాటించినట్టు.

కులం వివరాలు తరగతిలో అందరి ముందు అడగకూడదని విద్యాశాఖ ఒక్క పేజీ ఉత్తర్వు ఇవ్వాలి. దానికి బడ్జెట్ అక్కర్లేదు. వచ్చే స్కాలర్‌షిప్ గడువులోపే అది ప్రతి ప్రధానోపాధ్యాయుడి బల్ల మీదికి చేరాలి.