నెగటివ్ వస్తేనే దర్యాప్తు

ల్యాబ్‌లో రిజల్ట్ పాజిటివ్ వస్తే ఎవరూ ఏమీ అడగరు. ప్రొటీన్‌ని వెతికే బ్లాట్ పరీక్షలో బ్యాండ్ (గీత) కనిపించిందా, ఫోటో తీశారా, సార్‌కి పంపారా, అంతే. అదే నెగటివ్ వచ్చిందో, ఆ క్షణం నుంచే దర్యాప్తు. అనుమానించడం శాస్త్రానికి ప్రాణం అంటారు కదా, దాన్ని ఇలా పొదుపుగా వాడుకోవడమే మంచిది.

మొదటి ముద్దాయి ఆ ప్రొటీన్‌ని పట్టుకునే యాంటీబాడీ. కరిగించి గడ్డకట్టించి, మళ్లీ కరిగించి దాన్ని ఎవరు పాడుచేశారో తేల్చాలి. రెండో ముద్దాయి సెల్స్‌కి పోషణగా వేసే సీరం కొత్త బ్యాచ్. మూడో ముద్దాయి, చివరికి శిక్ష పడేది కూడా, కొత్తగా చేరిన జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో). పాజిటివ్ కంట్రోల్, అంటే బ్యాండ్ తప్పక రావాల్సిన శాంపిల్, పెట్టారా అని అడగడం మాత్రం మర్యాద కాదు. కంట్రోల్ సరిగ్గా పనిచేస్తే ఆ నెగటివ్‌ని నమ్మాల్సి వస్తుంది మరి.

ప్రయోగానికి వాడిన సెల్స్ జోలికి ఎవరూ పోరు. పక్క ల్యాబ్ వాళ్లు ఇచ్చారు, ఫ్లాస్క్ మీద మార్కర్‌తో పేరు రాసి ఉంది, ఇంకేం కావాలి? ఎండీఏ-ఎంబీ-435 సెల్స్‌ని ఏళ్ల తరబడి రొమ్ము క్యాన్సర్ సెల్స్‌గానే వాడారు. 2000లో జీన్లు చూస్తే చర్మానికి వచ్చే మెలనోమా క్యాన్సర్ పోలికలు బయటపడ్డాయి. తర్వాత తేలిందేమిటంటే, అవి ఎం14 అనే మెలనోమా సెల్ లైనే (సెల్ లైన్ అంటే ఒకరి నుంచి తీసి ల్యాబ్‌లో పెంచుకుంటూ వచ్చే సెల్స్). అన్నేళ్లూ అవి రొమ్ము సెల్స్‌లా నడుచుకోనప్పుడల్లా పాపం నిజమే చెప్పాయి. తిట్లు తిన్నది యాంటీబాడీ.

అంతకుముందే, 1966లో, జన్యుశాస్త్రవేత్త స్టాన్లీ గార్ట్‌లర్ వేర్వేరు మనుషులవని చెప్పుకుంటున్న 18 సెల్ లైన్లలో ఒకే రకం జీ6పీడీ ఎంజైమ్ చూపించారు. అది ఆఫ్రికా మూలాలున్నవారిలో కనిపించే రకం. వాటిలో తెల్లవాళ్లవని చెప్పినవీ ఉన్నాయి! 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ కణితి నుంచి పెంచిన హీలా సెల్సే అన్నిట్లోకీ దూరాయన్నమాట.

ఇక మైకోప్లాస్మా, పెంచే సెల్స్‌లోకి చేరే అతి చిన్న బ్యాక్టీరియా. సెల్ వాల్ లేదు కాబట్టి పెన్సిలిన్‌కి లొంగదు. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి కూడా జారిపోగలదు. సెల్స్ పెరిగే ద్రవం (మీడియా) తేటగానే ఉంటుంది, సెల్స్ తీరు మాత్రం మారిపోతుంది. ఒక పూట దాని డీఎన్ఏని వెతికే పీసీఆర్ పరీక్ష చేస్తే దొరికిపోతుంది. కానీ దొరికితే ఇన్‌క్యుబేటర్ ఖాళీ చేయాలి, పాత డేటా తిరగేయాలి. అంత టెన్షన్ ఎందుకు, జేఆర్ఎఫ్ ఉన్నాడుగా.

అందుకని అతని చేతే మళ్లీ చేయిస్తారు. బ్లాట్ ఫోటోకి ఎక్స్‌పోజర్ పెంచగా పెంచగా ఒకరోజు మసగ్గా గీతలాంటిది కనిపిస్తుంది. వెంటనే కేసు మూసేస్తారు. పేపర్‌లో ఆ ఫిగర్ కింద ‘మూడు ప్రయోగాలకు ప్రాతినిధ్యం వహించే చిత్రం’ అని రాస్తారు.