తెరిచిన వాల్వు వారి పక్షాన

బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, అంటే ట్రావెల్ ట్రైలర్‌లో తిరిగే యాత్రికులలో ఒక వర్గానికి తీరని అన్యాయం జరుగుతోంది. బస చేసిన చోట మురుగు గొట్టం తగిలించగానే, మరుగుదొడ్డి మురుగు చేరే బ్లాక్ ట్యాంకు వాల్వును బార్లా తెరిచి, తిరిగి బయలుదేరేదాకా దాని ఊసెత్తని ఉదారులు వీరు. స్నానపు నీళ్లు చేరే గ్రే ట్యాంకును తెరిచి ఉంచితే కిమ్మనని లోకం, మరుగుదొడ్డి కింది ట్యాంకు దగ్గరకు వచ్చేసరికి మాత్రం వీరిని సోమరులంటుంది. ఒకే బండిలో రెండు ట్యాంకులకు రెండు నీతులా?

వాల్వు తెరిచి ఉంటే నీరు ఎప్పటికప్పుడు జారిపోయి, ఘనపదార్థం అక్కడే పోగుపడుతుందట. కాబట్టి వాల్వు మూసే ఉంచి, ట్యాంకు కనీసం మూడింట రెండు వంతులు నిండాక ఒక్కసారిగా వదలాలట. ముందు బ్లాక్, ఆ తరువాత గ్రే వదిలితే సబ్బునీరు గొట్టాన్ని కడిగిపెడుతుందట. సరే, శాస్త్రం అదే కావచ్చు. అయితే యజమానులు అస్తమానం తిరుగుతూనే ఉంటారు కదా, ఆ ఇంట్లో స్థిరనివాసం కోరుకునే హక్కు ఘనపదార్థానికైనా ఉండవద్దా? పైగా పొదుపు పేరిట వీరు మరుగుదొడ్డిలో చెంచాడు నీళ్లే వదులుతారు గనుక, ఆ పోగు ఎండి, గట్టిపడి, మరుగుదొడ్డి గొట్టం మొదలుదాకా లేస్తుంది. అనుభవజ్ఞులు దీనిని పిరమిడ్ అంటారు. ఫారోలకు వేలాది కూలీలు కావలసి వచ్చిన పనిని ఒక్క కుటుంబం సెలవుల్లో ముగించినా మెచ్చుకునే నాథుడు లేడు.

ట్యాంకు ఎంత నిండిందో చూపే సెన్సారు హెచ్చరించదా అంటారు. దాని కొనలకు కాగితమూ మడ్డీ అంటుకున్నాక అది ఖాళీ ట్యాంకును కూడా నిండుగానే చూపుతుంది. అంతటి ఆశావాదిని నమ్మడం ఎలా? అందుకే వీరు సొంత వైద్యం చేస్తారు. ట్యాంకులో మంచుగడ్డలు పోసి, దారి కుదుపులకు అవే అడుగును తోముతాయని బండి నడుపుతారు. మంచు నీటిపై తేలుతుందన్న చిల్లర అభ్యంతరాన్ని వీరు లెక్కచేయరు. అది ఫలించకపోతే ఫార్మాల్డిహైడ్ మందు దండిగా పోస్తారు. అది చేరిన సెప్టిక్ ట్యాంకులో మురుగును జీర్ణం చేసే బ్యాక్టీరియా చస్తే, అది ఆ స్థలం యజమాని సమస్య.

మురుగు వదిలే చోట వెనక బండ్లు బారులు తీరి ఉండగా, 3 అంగుళాల వాల్వు పూర్తిగా లాగినా ఏమీ రాని ఆ ఘడియలో వీరు చూపే నిబ్బరం అపూర్వం. మురుగు గొట్టం కడగడానికి తాగునీటి గొట్టాన్నే వాడి, దానినే తిరిగి చుట్టి తాగునీటి ట్యాంకు పక్కన పెట్టుకునే వీరి సమదృష్టిని శంకించేవారు, దయచేసి హారన్ కొట్టకుండా వరుసలోనే నిలబడగలరు.