తోమకండి, రాసిపెట్టండి

ఒక సైన్స్ చరిత్ర మ్యూజియం స్టోర్‌రూమ్‌లో వాలంటీర్‌గా పని చేసే రోజుల్లో ఒక పాత ఇత్తడి మైక్రోస్కోప్ నా చేతికొచ్చింది. ఎవరో ఎంతో శ్రద్ధగా తోమినట్టున్నారు, కొత్తదానిలా మెరిసిపోతోంది. దీపం దగ్గర పెట్టి చూస్తే, ఫోకస్ తిప్పే మర పక్కన చెక్కిన సన్నటి గీతలు సగం అరిగిపోయాయి. ఇత్తడి నల్లబడకుండా తయారుచేసినవాళ్లు వేసే లక్క పూత ఎక్కడా మిగల్లేదు. ఆ పూత ఏ చోట వేళ్లు తగిలి పలచబడిందో కనిపిస్తే, వాడిన మనిషి దాన్ని ఎలా పట్టుకునేవాడో తెలిసేది. పెట్టె లేదు, చీటీ లేదు. రిజిస్టర్‌లో 'మైక్రోస్కోప్, ఇత్తడి' అని రెండే మాటలు.

నాకు చాలా బాధేసింది. అంత ప్రేమగా తోమినవాళ్లే దాని కథను తుడిచేశారు.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే. మ్యూజియం డబ్బు ముందు స్టోర్‌కీ రిజిస్టర్‌కీ వెళ్లాలి, గ్యాలరీలో లైట్లూ టచ్‌స్క్రీన్లూ ఆ తర్వాత. 1931లో ఐన్‌స్టీన్ ఉపన్యాసమిస్తూ రాసిన నల్లబల్ల ఆక్స్‌ఫర్డ్ సైన్స్ చరిత్ర మ్యూజియంలో ఇప్పటికీ ఉంది, సుద్ద అక్షరాలతో సహా. బల్లగా దానికి ఏ విలువా లేదు. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో తెలుసు కాబట్టే దాన్ని ఎవరూ తుడవలేదు. అపోలో 11 టేపుల విషయంలో ఆ అదృష్టం లేకపోయింది. చంద్రుడి మీద నుంచి వచ్చిన అసలు సిగ్నల్ రికార్డు చేసిన టేపుల కోసం వెతికి వెతికి, వాటిని చెరిపేసి మళ్లీ వాడేసి ఉంటారని 2009లో నాసా తేల్చింది.

రిజిస్టర్ సరిగా లేకపోతే ప్రాణాలకూ ముప్పే. పాత బారోమీటర్లలో పాదరసం ఉంటుంది. చీకట్లో మెరిసేలా రేడియం అనే రేడియోధార్మిక లోహం కలిపిన రంగు పూసిన డయల్స్ ఉంటాయి, మెరుపు పోయినా రేడియం పోదు. రేడియం సగానికి తగ్గడానికే దాదాపు 1,600 ఏళ్లు పడుతుంది. రేడియంను కనిపెట్టిన శాస్త్రవేత్త మేరీ క్యూరీ నోటుపుస్తకాలను ఇప్పటికీ సీసపు పెట్టెల్లో భద్రపరుస్తున్నారంటే కారణం అదే. ఏ అరలో ఏముందో రాసి లేని స్టోర్‌రూమ్‌లోకి పిల్లలనూ వాలంటీర్లనూ పంపడం తప్పు.

ఇందులో మన వంతూ ఉంది. మనలో ఎంతోమంది ఇళ్లలో నాన్నగారు లెక్కలకు వాడిన స్లైడ్ రూలో, తాతగారి సర్వే పరికరమో, పాత కంప్యూటర్లలో వాడిన ఒక కట్ట పంచ్ కార్డులో ఉండే ఉంటాయి. ఇల్లు మారేటప్పుడు అడ్డమనిపించి మ్యూజియంకి ఇచ్చేద్దాం అనుకుంటాం. ఇవ్వండి, మంచిదే. అన్నీ తీసుకునే చోటు ఏ మ్యూజియంకీ ఉండదు, కాబట్టి ముందు అడగండి. ఇచ్చే ముందు మాత్రం పెద్దవాళ్ల పక్కన ఒక గంట కూర్చోండి. ఎప్పుడు కొన్నారు, దేనికి వాడారు, ఆ మూల ఎలా విరిగింది, వెనక గీకిన పేరు ఎవరిది... చెప్పింది చెప్పినట్టు రాసి, వాళ్లు దాన్ని పట్టుకుని ఉండగా ఒక ఫొటో తీసి, రెండూ జత చేసి ఇవ్వండి. మరకలుంటే ఉండనివ్వండి.