రిపోర్టు చూసేవారికి సూపర్‌యూజర్ హక్కులు ఎందుకు?

రిపోర్టులు తీసుకోవడానికి మాత్రమే డేటాబేస్‌లోకి వచ్చే ఉద్యోగికి సూపర్‌యూజర్ హక్కులు, అంటే దాదాపు పూర్తి అధికారం, ఎందుకిచ్చారని అడిగితే, "అవి ఇస్తే గానీ పని కాలేదు" అన్న జవాబే చాలాచోట్ల వింటున్నాను. ఈ జవాబును నేను ఎంతమాత్రం ఒప్పుకోను. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో సూపర్‌యూజర్‌కు అనుమతుల తనిఖీ దాదాపు ఉండదు. అడ్డువరుసల స్థాయిలో పెట్టిన ఆంక్షలు కూడా వర్తించవు. పైగా కాపీ కమాండ్‌లోని ప్రోగ్రామ్ సదుపాయంతో సర్వర్ మెషీన్ మీదే షెల్ కమాండ్లు (ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇచ్చే ఆదేశాలు) నడపవచ్చు. నెలవారీ అమ్మకాల పట్టిక చూడడానికి ఇంత అధికారం దేనికి?

నిజానికి ఒక టేబుల్ చదవాలంటే డేటాబేస్‌పై కనెక్ట్, స్కీమాపై (డేటాబేస్‌లో టేబుళ్లను కలిపి ఉంచే విభాగం) యూసేజ్, టేబుల్‌పై సెలెక్ట్ అనే మూడు హక్కులు కావాలి. కనెక్ట్ మామూలుగా అందరికీ ముందే ఉంటుంది. సెలెక్ట్ ఇచ్చి యూసేజ్ మరిచిపోతే "పర్మిషన్ డినైడ్ ఫర్ స్కీమా" అని ఎర్రర్ వస్తుంది. ఏది తక్కువైందో ఆ ఎర్రరే చెబుతోంది, హక్కునిచ్చే ఒక్క గ్రాంట్ కమాండ్‌తో సరిపోతుంది. అయినా దాన్ని చదవకుండానే ఉన్న హక్కులన్నీ ధారపోస్తారు.

మరింత మందిని ఇబ్బంది పెట్టేది కొత్త టేబుళ్ల సంగతి. స్కీమాలోని అన్ని టేబుళ్లపై సెలెక్ట్ ఇచ్చినా, అది ఆ క్షణానికి ఉన్నవాటికే వర్తిస్తుంది, రేపు పుట్టే టేబుల్‌కు వర్తించదు. అందుకోసమే 2010లో వచ్చిన 9.0 వెర్షన్ నుంచి ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్ అనే కమాండ్ ఉంది. అయితే దాన్ని మీ పేరుతో నడిపి, టేబుళ్లను మైగ్రేషన్ యూజర్ (డేటాబేస్ నిర్మాణంలో మార్పులు చేసే ఖాతా) సృష్టిస్తుంటే ఆ ఏర్పాటు పనిచేయదు, ఎందుకంటే అది ఏ రోల్ (హక్కులుండే ఖాతా లేదా గ్రూపు) పేరు మీద పెట్టామో ఆ రోల్ సృష్టించే టేబుళ్లకే చెల్లుతుంది. ఫర్ రోల్ అని మైగ్రేషన్ యూజర్ పేరు చేర్చాలి. ఇది తెలియకే, ప్రతి రిలీజ్ తర్వాత రిపోర్టు ఆగిపోతోందని విసిగి చివరికి సూపర్‌యూజర్ ఇచ్చేస్తారు. మరో డేటాబేస్ సాఫ్ట్‌వేర్ అయిన మైఎస్‌క్యూఎల్ 8.0లోనూ ఇలాంటిదే ఒకటుంది: మామూలుగా రోల్ ఇచ్చినంత మాత్రాన అది అమల్లోకి రాదు, సెట్ డిఫాల్ట్ రోల్ కూడా చేయాలి.

నేను కోరేది పెద్ద పనేమీ కాదు. లాగిన్ లేని రోల్‌ను పనిని బట్టి, అంటే చదివేవారికి ఒకటి, రాసేవారికి ఒకటి చొప్పున సృష్టించి, హక్కులన్నీ దానికే ఇచ్చి, మనుషులను అందులో సభ్యులుగా చేర్చండి. 2005లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 8.1 నుంచి యూజర్లు, గ్రూపులు అన్నీ రోల్సే కాబట్టి దీనికి వేరే సాధనమేదీ అక్కర్లేదు. అప్లికేషన్ వాడే లాగిన్‌ను టేబుళ్లకు యజమానిగా ఉంచకండి. యజమాని టేబుల్‌ను డ్రాప్ కూడా చేయగలడు. టీమంతటికీ ఒకే పాస్‌వర్డ్ పంచే అలవాటును తక్షణం మానాలి, లేకపోతే ఏ మార్పు ఎవరు చేశారో లాగ్‌లో తేలదు.

ఆ డేటాబేస్‌లో ఉన్నవి జనం ఫోన్ నంబర్లు, చిరునామాలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా నిర్దేశించింది. జరిమానా మాట ఎలా ఉన్నా, మనల్ని నమ్మి ఆ వివరాలిచ్చినవారికి మనం జవాబుదారీగా ఉండాలి. ఈ వారమే మీ సర్వర్‌లో సూపర్‌యూజర్ల జాబితా తీసి, ప్రతి పేరుకూ ఆ హక్కు ఏ పనికి కావాలో రాయించండి. కారణం రాయలేని పేర్లన్నిటికీ ఆ హక్కు తొలగించండి.