భవిత కేంద్రం దాకా వచ్చే బీఈడీ కావాలి

ప్రత్యేక విద్యా ఉపాధ్యాయుల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఉండాలని రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు 2021లో చెప్పిన నాలుగేళ్లకు వచ్చిన కదలిక ఇది. రాష్ట్రం మొత్తం మీద మండలానికి సగటున మూడుకు కాస్త పైన పడే ఈ పోస్టులు ఏ మూలకు చాలుతాయన్నది అలా ఉంచుదాం. వాటిలోనైనా కూర్చోబెట్టడానికి పని తెలిసిన ఉపాధ్యాయులను శ్రీకాకుళం జిల్లా ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది?

ప్రత్యేక విద్య కోర్సులను నియంత్రించే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తింపు ఉన్న ప్రత్యేక విద్య బీఈడీ రెండేళ్ల కోర్సు. దృష్టి, వినికిడి, బుద్ధి మాంద్యం వంటి విభాగాల్లో ఒకదాన్ని ఎంచుకుని చదవాలి. పూర్తయ్యాక మండలి రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. పుస్తకం బట్టీ పట్టి గట్టెక్కే చదువు కాదిది. బ్రెయిలీ పలక మీద స్టైలస్‌తో గుచ్చేటప్పుడు కుడి నుంచి ఎడమకు, ప్రతి అక్షరాన్నీ తిరగేసి రాయాలి. కాగితం తిప్పితేనే అది ఎడమ నుంచి కుడికి చదవడానికి వీలవుతుంది. చొక్కా బొత్తాం పెట్టుకోలేని పిల్లవాడికి నేర్పాలంటే, ముందు ఉపాధ్యాయురాలే బొత్తాన్ని కాజాలోంచి సగం బయటికి తెచ్చి, మిగతా సగం వాడి చేత లాగించాలి. అది వచ్చాక అంతకు ముందు మెట్టు, ఆపైన దానికి ముందుది. ఇందుకు ఒక్కోసారి నెలలు పడుతుంది. ఫీజు కట్టి పరీక్షలకు వస్తే చాలునని అభ్యర్థులకు భరోసా ఇచ్చే కళాశాలలు ఈ పని నేర్పలేవు. అలాంటివి ఉన్నాయన్నది ఉపాధ్యాయ ఉద్యోగాల కోసం ఎదురుచూసే ఏ కుటుంబానికీ కొత్త సంగతి కాదు.

అందుకే ఈ చదువు బాధ్యతను పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాలే తలకెత్తుకోవాలని మేము కోరుతున్నాము. ఉత్తరాంధ్రకు 1926 నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. 2008లో ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. జిల్లాలోనే ఉన్న విశ్వవిద్యాలయానికి ఉన్న సౌలభ్యం ఏమిటంటే, దాని శిక్షణార్థులు బస్సెక్కి వెళ్లగలిగినంత దూరంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలు ఉన్నాయి. పాఠశాల విద్యా పథకమైన సమగ్ర శిక్ష కింద నడిచే ఆ కేంద్రాల్లో ఒప్పంద పద్ధతిపై పనిచేస్తున్న సమ్మిళిత విద్యా రిసోర్సు టీచర్లు (ఐఈఆర్‌టీలు) పిల్లలకు పాఠం చెబుతారు, ఫిజియోథెరపీకి వచ్చిన తల్లులతో మాట్లాడతారు, మంచం దిగలేని పిల్లల ఇళ్లకూ వెళతారు. ఏళ్ల తరబడి వారు గడించిన అనుభవం ఏ సిలబస్‌లోనూ దొరకదు. శిక్షణార్థులను వారి దగ్గర పూర్తి సెమిస్టరు పాటు ఉంచి, అందుకు ఐఈఆర్‌టీలకు గౌరవ వేతనం చెల్లించడం పాలక మండలి తలచుకుంటే పెద్ద పనేమీ కాదు.

జిల్లాకే ప్రత్యేకమైన మరో చిక్కు ఉంది. మెళియాపుట్టి, మందస కొండల్లో ఇంట్లో సవర మాట్లాడే పిల్లలున్నారు. ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్లు ఎక్కువ. బడిలో పేరు పిలిస్తే పలకని, చెప్పిన పని చేయని పిల్లవాడికి వినికిడి లోపమా, బుద్ధి మాంద్యమా, లేక తెలుగు రాకపోవడమా అన్నది తేల్చాలంటే వాడి ఇంటి భాషలో పరీక్షించాలి. తెలుగులో అడిగి, జవాబు రాలేదని మంద బుద్ధి ముద్ర వేస్తే, ఆ కాగితం వాడిని పదో తరగతి దాకా వెంటాడుతుంది. సవరలో, ఒడియాలో పరీక్షా పత్రాలు, బొమ్మల కార్డులు తయారుచేసి, వాటిని ఊళ్లలో సరిచూసే ఓపిక, అవకాశం విశ్వవిద్యాలయ విభాగానికే ఉంటాయి. ఎం.ఎడ్., పీహెచ్‌డీ పరిశోధనలకు ఇంతకంటే దగ్గరి అంశం మాకు కనిపించడం లేదు.

వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థలు కనీసం 5 శాతం సీట్లను వికలాంగులకు కేటాయించాలి. ఆ సీటులో చేరిన అంధ విద్యార్థి రేపు అంధ బాలలకు పాఠం చెప్పే గురువు కావాలంటే స్క్రీన్ రీడర్ ఉన్న గ్రంథాలయం, పరీక్షకు సహాయ లేఖకుడు, ర్యాంపు ఉన్న హాస్టల్ మొదటి రోజు నుంచే ఉండాలి. శాశ్వత అధ్యాపకులను నియమించకుండా, వీటికి బడ్జెట్‌లో పద్దు చూపకుండా కొత్త విద్యా సంవత్సరానికి ప్రవేశాల ప్రకటన ఇవ్వవద్దని విశ్వవిద్యాలయాల పాలక మండళ్లను, ఉన్నత విద్యా శాఖను కోరుతున్నాము.