నాయినకు ఏ స్టెంటు?

(దేవరకొండ దగ్గరి పల్లె నుంచి తండ్రిని హైదరాబాద్ తీసుకొచ్చారు అక్కాతమ్ముళ్లు. పాంక్రియాస్ అనే క్లోమగ్రంథి తల దగ్గర గడ్డ, కాలేయం నుంచి పేగుకు పిత్తరసం తెచ్చే పిత్తనాళాన్ని నొక్కేసింది. కాలేయం మీదా మచ్చలున్నాయి, ఆపరేషన్ కుదరదన్నారు. కళ్లు పచ్చబడ్డాయి, దురదతో నిద్ర లేదు. ఈఆర్‌సీపీ చేసి, అంటే నోట్లోంచి కెమెరా గొట్టం పంపి, నాళం మూసుకుపోకుండా పట్టి ఉంచే చిన్న గొట్టం, స్టెంటు పెట్టాలి. ప్లాస్టిక్‌దా, మెటల్‌దా?)

తమ్ముడు: ప్లాస్టిక్ చాలక్కా. మెటల్‌ది ధర ఎన్నో రెట్లు ఎక్కువ. పెట్టినా గడ్డ కరగదు గదా.

అక్క: గడ్డ కోసం కాదురా, పిత్తరసం పేగులోకి దిగడానికి. దిగితేనే దురద తగ్గుతుంది, తిండి సయిస్తుంది. రక్తంలో బిలిరుబిన్, అదే కళ్లు పచ్చబరిచే పదార్థం, తగ్గితేనే కీమో, అంటే క్యాన్సర్ మందుల సంగతి చూస్తామన్నారు. నెలంతా పసరు తాగించి ఆలస్యం చేసింది చాలు.

తమ్ముడు: ఆ పని ప్లాస్టిక్‌దీ చేస్తుంది.

అక్క: ఎన్నాళ్లు? దాని లావు మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. మెటల్‌ది నిటినాల్ అనే మిశ్రమ లోహపు జాలీ. సన్నగా మడిచి పంపితే లోపల దానంతటదే 10 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. ప్లాస్టిక్‌ది మూడు నాలుగు నెలలకే మడ్డి పట్టి పూడుతుంది. అప్పుడు చలిజ్వరం, అర్ధరాత్రి కారు కిరాయి, మళ్లీ ఈఆర్‌సీపీ. చేసిన ప్రతిసారీ పాంక్రియాస్ వాచే ప్రమాదం ఉండనే ఉంది. ఇవన్నీ లెక్కలో వేశావా?

తమ్ముడు: మెటల్‌ది మాత్రం పూడదా? జాలీ సందుల్లోంచి గడ్డ లోపలికి పెరుగుతుందట.

అక్క: ఆలస్యంగా పూడుతుంది. పైన పొర ఉన్నవీ ఉన్నాయి.

తమ్ముడు: అవి జారుతాయి. పొర లేనిది నాటుకుపోతే తీయలేరు. ముక్క పరీక్ష రిపోర్టే ఇంకా రాలేదు. క్యాన్సర్ కాదని తేలితే?

(వీడు పైసల కోసమే వాదిస్తున్నాడనుకున్నవాళ్లు ఈ ప్రశ్న దగ్గర ఆగాలి. అక్కా ఆగింది.)

అక్క: అట్లయితే పొర ఉన్నదే అడుగుదాం. కావాలంటే తీసేయొచ్చు.

తమ్ముడు: నాయినకు రెండు నెలలే ఉందంటే?

అక్క: డాక్టరును సూటిగా అడుగుదాం. మూడు నెలలు కష్టమంటే నీ మాటే. దాటుతుందంటే మెటల్. నేను చిట్టి పాడుతా.

తమ్ముడు: చిట్టి ముచ్చట తర్వాత. నాయినను అడిగినమా?

అక్క: అడిగితే ‘ఇంటికి తోలుకపోండి’ అంటాడు.

తమ్ముడు: అననీ. దురద పోతుందని చెప్పు, అప్పుడేమంటాడో చూద్దాం.