వయ్యారిభామ కథను పట్టికల్లో పాతిపెట్టకండి

అనంతపురంలో ఇటీవల ఒక పీహెచ్‌డీ వైవాకు (మౌఖిక పరీక్షకు) శ్రోతగా వెళ్లాను. బెట్టను తట్టుకునే వేరుశనగ రకాలపై అయిదేళ్లు పనిచేసిన పరిశోధకురాలు తెర వైపు తిరిగి, పద్నాలుగు వరుసల పట్టికను అంకె వెంట అంకెగా చదువుతూ పోయింది. మూడో వరుసలో కూర్చున్న నాకే ఆ అక్షరాలు ఆనలేదు. ఒక గడి దగ్గర ఆమె వేలు అరక్షణం ఆగింది. అయిదేళ్ల శ్రమకు ఫలితం ఆ గడిలోనే ఉందని తరువాత తెలిసింది.

తప్పు ఆమెది కాదు. పరిశోధన చేయడం నేర్పుతున్న మన విశ్వవిద్యాలయాలు దాన్ని చెప్పడం నేర్పడం లేదు. థీసిస్ పేజీలను స్లైడ్లలోకి ఎక్కిస్తే ప్రజెంటేషన్ అయిపోయినట్లే భావిస్తున్నాయి. నిజానికి ప్రశ్న, అనుమానం, తప్పిన అంచనా, చిక్కిన ఆధారం అనే వరుసలో సాగే పరిశోధనకు కథే సహజ రూపం.

ఇందుకు ఈ జిల్లా చూసిన ఉదాహరణే చాలు. 2000 ఖరీఫ్‌లో ఇక్కడ సుమారు 2.25 లక్షల హెక్టార్లలో వేరుశనగకు తెగులు సోకి, రూ. 300 కోట్లకు పైగా నష్టం జరిగిందని అంచనా వేశారు. మొదట అది పాత మొవ్వుకుళ్లు తెగులేనని అనుకున్నారు. పరీక్షల్లో వేరే వైరస్, టొబాకో స్ట్రీక్ వైరస్, బయటపడింది. ఆ వైరస్‌ను మోస్తూ కూడా ఏ లక్షణమూ చూపకుండా గట్ల మీద పచ్చగా నిలిచినది వయ్యారిభామ అనే కలుపు మొక్క. దాని పుప్పొడిని ఒంటికి అంటించుకుని చేలలోకి చేర్చినవి తామర పురుగులు. దీన్ని చెప్పడానికి మొదటి స్లైడులో ఎండిన మొక్క ఫొటో, ‘దీన్ని చంపినదేమిటి?’ అన్న ఒక్క ప్రశ్న ఉంటే చాలు. రెండో స్లైడులో ఒక్క మాటా లేకుండా తెల్లని పూలతో నిండిన గట్టును చూపాలి. గ్రాఫు వచ్చినప్పుడు అసలు విషయం చెప్పే కడ్డీకే రంగు వేసి, మిగిలినవాటిని బూడిద రంగులో వదలాలి. ‘ఫలితాలు’ అన్న శీర్షికకు బదులు ఆ ఫలితాన్నే పూర్తి వాక్యంగా రాయాలి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలాటలో మాట్లాడే బొమ్మే కదులుతుంది కనుక ప్రేక్షకుడి చూపు చెదరదు. స్లైడుకు కావలసిన విద్య అదే.

కథ చెబితే శాస్త్రం పలచబడుతుందని, అనుకూలించని ఫలితాలు మరుగున పడతాయని పెద్దలు కొందరు అభ్యంతరం చెబుతారు. పై కథలో అందరినీ కట్టిపడేసే ఘట్టం తప్పిన అంచనాయే కదా! అననుకూల ఫలితం దాక్కోవడానికి పద్నాలుగు వరుసల పట్టికకు మించిన చోటు లేదు.

అసలు వైవా ఎవరి కోసం జరుగుతోంది? 2022లో కొత్తవి వచ్చేదాకా అమల్లో ఉన్న యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2016 నిబంధనలు దాన్ని ఇతర అధ్యాపకులు, పరిశోధకులు, ఆసక్తి గల నిపుణులు వినేలా బహిరంగంగా జరపమన్నాయి. ఆ తలుపు రైతుకు కూడా తెరవాలి, కనీసం పది నిమిషాలైనా తెలుగులో చెప్పించాలి. ప్రజల డబ్బుతో, ఈ నేల కష్టం మీద సాగే పరిశోధన ఈ నేల భాషలో వినిపించకపోవడం అన్యాయం.

ఆ రోజు వైవా ముగిశాక వరండాలో టీ అందిస్తున్న అటెండరు, ‘ఇంతకీ ఏం కనిపెట్టినావు తల్లీ?’ అని ఆమెను అడిగాడు. పూల నుంచి నేలలోకి ఊడలు దిగే వేళ వాన మొహం చాటేసినా కాయ నిలబెట్టుకునే రకం గురించి ఆమె చేతులు తిప్పుతూ, కళ్లు మెరుస్తుండగా రెండు నిమిషాల్లో చెప్పేసింది. ఆయన గ్లాసులు కింద పెట్టి అడిగాడు: ‘ఆ ఇత్తనం మాకెప్పుడిస్తారు?’